అది జాతికుక్కా... డూపా?

మన తెలుగువాళ్ళకి సినిమా పిచ్చి ఎంతంటే, తెర మీద కనిపించింది మర్నాటికల్లా వీధిలోకి దిగిపోవాలి! హీరోగారి క్రాపు దిగింది. హీరోయిన్ జాకెట్టు చేతులు దిగాయి. బెల్‌బాటం దిగింది, పోయింది, మళ్ళీ దిగింది. వీటివల్ల ఎవరికీ ప్రాణహాని లేదు. క్రాపు నచ్చకపోతే మంగలిషాపుంది, జాకెట్టు బిగుతైతే టైలరున్నాడు. కానీ తెర మీంచి ప్రాణమున్న జీవి దిగినప్పుడే వస్తుంది చిక్కంతా!

సినిమా కబుర్లు రాసుకునే నాకు కుక్కల గొడవ ఎందుకంటారా? ఈ గొడవకి సినిమాతో చుట్టరికం వుంది గనుక! తెర మీద ముద్దొచ్చిన కుక్కపిల్ల ఇంటికొచ్చేసరికి పేరు మారుతుంది, జాతి మారుతుంది, ఒక్కోసారి ఆయుష్షు కూడా మారిపోతుంది. ఆ డబుల్ యాక్షన్ కథే ఈ వారం చెప్పబోతున్నాను. చిత్తగించండి!

టఫీది ఏ వూరు?

1994లో సూరజ్ బర్జాత్యా తీసిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' మీకు గుర్తుండే వుంటుంది. తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో వచ్చి ఇక్కడా జనాన్ని వూపేసింది. సల్మాన్ ఖాన్, మాధురీ దీక్షిత్ ఎంత గుర్తున్నారో, తెల్లటి బొచ్చుతో చకచకా తిరిగే టఫీ కూడా అంతే గుర్తుంది. క్లైమాక్సులో కథని మలుపు తిప్పింది అదే కదా!

ఆ రోజుల్లో కాస్త కలిగిన ఇంటికి వెళ్ళారంటే గేటు దగ్గరే 'భౌ'మని ఓ తెల్లటి బొచ్చుకుక్క. "భయపడకండి, ఏమీ అనదు. పొమరేనియన్ అండీ!" అని ఇంటాయన గర్వంగా ఓ నవ్వు. అసలు సంగతేమిటంటే, ఆయన ఇంట్లో వున్నది నూటికి తొంభై పాళ్ళు పొమరేనియన్ కాదు! దాని అసలు పేరు ఇండియన్ స్పిట్జ్. టఫీ కూడా ఆ కోవదే. తెల్లదొరలు ఏలిన రోజుల్లో యూరప్ నుంచి వచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతి ఈ దేశంలోనే తరతరాలుగా పెరిగి, మన ఎండకీ మన తిండికీ అలవాటుపడి స్థిరపడిపోయింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కూడా దీన్ని పొమరేనియన్‌తో కలపకుండా వేరే జాతిగానే లెక్కగడుతుంది.

మరి అసలు పొమరేనియన్ ఎవరయ్యా అంటే, బాల్టిక్ సముద్రం ఒడ్డునున్న పొమరేనియా ప్రాంతం పేరు పెట్టుకున్న కుక్క. ఒకప్పుడు కాస్త పెద్దదే. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లారెన్స్ వెళ్ళి అక్కడ చిన్నసైజు పొమరేనియన్లని చూసి ముచ్చటపడి వెంట తెచ్చుకుంది. రాణిగారికి నచ్చాక ఇంకేముంది? చిన్నవే ఫ్యాషనైపోయాయి. 1901లో ఆవిడ కన్నుమూసేటప్పుడు కూడా టూరి అనే పొమరేనియన్ ఆమె మంచం మీదే వుందంటారు. ఈనాడు అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్క ప్రకారం పొమరేనియన్ బరువు 3 నుంచి 7 పౌన్లు, అంటే సుమారు కిలోన్నర నుంచి మూడు కిలోల పైచిలుకు. మన గేటు దగ్గర అరిచే 'పొమరేనియన్' అంతకు రెండింతలో మూడింతలో తూగుతుంది.

అయితే ఏం? ఇండియన్ స్పిట్జ్ తక్కువదా? ముమ్మాటికీ కాదు! తెలివైనది, గట్టిది, మన వేసవిని తట్టుకునేది. దానికి దొంగపేరు పెట్టాల్సిన అవసరమేమిటి? అవసరం కుక్కకి లేదు. అమ్మేవాడికి వుంది. "స్పిట్జ్" అంటే ఒక ధర, "పామ్" అంటే ఇంకో ధర, "టాయ్ పామ్" అంటే మరో ధర! "కల్చర్ పామ్" అని ఇంకో రకం కూడా బజారులో వినపడుతుంది. ఏ కెన్నెల్ క్లబ్బు పుస్తకంలోనూ లేని జాతి అది. ఏ కల్చరో, ఎవరి కల్చరో ఆ దేవుడికే తెలియాలి!

హచ్ కుక్క వచ్చింది

తరవాతి రీలు 2003లో మొదలైంది. హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో ఓ కుర్రాడు ఎక్కడికెళితే అక్కడికి వెనకాలే నడిచే ముడతల మొహం కుక్క. అది పగ్. కానీ మనవాళ్ళకి ఆ పేరుతో పనిలేదు. 'హచ్ కుక్క' అన్నారు. 2007లో కంపెనీ వొడాఫోన్ అయ్యాక 'వొడాఫోన్ కుక్క' అన్నారు. అంతకుముందు ఈ కుక్క మొహం చూడని వూళ్ళలో కూడా పిల్లలు "నాన్నా, హచ్ కుక్క కావాలి" అని మారాం మొదలెట్టారు.

పగ్ చైనా రాజమందిరాల్లో పెరిగిన కుక్క. తరవాత హాలెండు రాజవంశం ఒళ్ళో పెరిగింది. దాని మొహం అణిగి వుండటమే అందమన్నారు. అందమైతే అందమే గానీ, కుక్కకి మనలాగా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చి ఒళ్ళు చల్లబరుచుకోవాలి. ముక్కు అణిగిపోయి, రంధ్రాలు సన్నగిల్లి, లోపల అంగిలి పొడుగై గాలికి అడ్డుపడుతుంటే ఎలా వగరుస్తుంది? రోహిణీ కార్తెలో విజయవాడ ఎండని తలుచుకోండి. ఫ్యానుకింద మనమే "అమ్మో అయ్యో" అంటుంటే ఆ ప్రాణి సంగతి? రాత్రిళ్ళు అది గురకపెడితే "భలే ముద్దుగా వుంది" అని వీడియోలు తీసే వాళ్ళున్నారు. అది ముద్దు గురక కాదు స్వామీ, గాలి ఆడక పడే యాతన!

గిరాకీ పెరిగింది. పిల్లలు కావాలి, అదీ వెంటనే కావాలి. ఒక కంపెనీ సరుకైతే మూడు షిఫ్టులు నడిపి తీస్తారు. కుక్కని ఎన్ని షిఫ్టులు నడపగలరు? నడిపినవాళ్ళున్నారు. ఆ కథకి ముందు మా ఎదురింటి కథ ఒకటి చెప్పాలి.

కప్పు అన్నారు... బిందె అయింది!

మేముండే అపార్టుమెంటులో ఎదురింటి అమ్మాయి తొమ్మిదో తరగతి. పుట్టినరోజుకి వాళ్ళ నాన్న 'టీకప్ పొమరేనియన్' కొనిచ్చాడు. అక్షరాలా ముప్పై అయిదు వేలు! గుప్పెట్లో పట్టేంత పిల్ల. అమ్మినవాడు ఇంటికి రానివ్వలేదు. "మీకెందుకు శ్రమ, నేనే తెస్తా" అని మెట్రో స్టేషను మెట్ల దగ్గర బుట్టలో తెచ్చిచ్చి, డబ్బు ఫోనులో వేయించుకుని వెళ్ళిపోయాడు. వయసు యాభై రోజులన్నాడు.

మూడో రోజు పొద్దున్నే ఆ అమ్మాయి తల్లి మా తలుపు కొట్టింది. "అన్నయ్యగారూ, కుక్కపిల్ల లేవటం లేదు, ఒకసారి కారు తీస్తారా?" అని. వాళ్ళాయన క్యాంపులో వున్నాడు. ఆ అమ్మాయి దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

డాక్టరుగారు ముందు దాని చిగుళ్ళకి గ్లూకోజు రాశారు. తరవాత సూదిమందు. అరగంటకి కళ్ళు తెరిచింది. అప్పుడు నోరు తెరిచి చూపించారు. "చూశారా, పాలపళ్ళు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. యాభై రోజుల పిల్లకి ఇవి దాదాపు పూర్తిగా వచ్చేయాలి. దీనికి ముప్పై రోజులుంటే గొప్ప. ఇంకా తల్లిపాలు తాగాల్సిన పిల్ల ఇది. గంటలకొద్దీ కడుపు ఖాళీగా వుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఇలాగే వాలిపోతుంది."

"మరి టీకప్ జాతి కదండీ?" అంది ఆ తల్లి.

డాక్టరుగారు నవ్వలేదు. "టీకప్ అనే జాతి లేదమ్మా" అన్నారు.

నిజమే. ప్రపంచంలో పేరున్న ఏ కెన్నెల్ క్లబ్బూ 'టీకప్' అనే జాతిని గుర్తించలేదు. అది అమ్మకానికి పుట్టిన మాట. మరి అంత చిన్న పిల్లలు ఎక్కడినుంచి వస్తాయి? దీనికి మూడు దొడ్డిదారులున్నాయి. ఒకటి, నెలరోజుల పిల్లని రెండు నెలల పిల్లని చెప్పి అమ్మటం. రెండు, ఈతలో బక్కచిక్కి పుట్టినవాటిని బక్కవాటితోనే జతకట్టించటం. మూడు, పెరగకుండా పస్తులు పెట్టటం. మొదటిది మోసం. మిగతా రెండూ పాపం!

అలా బక్కవాటినుంచి తీసిన బుల్లికుక్కలకి జబ్బులు కూడా పుట్టుకతోనే వస్తాయి. మోకాలిచిప్ప జారి మూడుకాళ్ళమీద గెంతటం, శ్వాసనాళం నొక్కుకుపోయి బాతు అరిచినట్టు దగ్గటం, చిన్న దవడలో పళ్ళు పట్టక ఒకదానిమీద ఒకటి మొలవటం, పుర్రె ఎముకలు పూర్తిగా కలవక నడినెత్తిన మెత్తటి ఖాళీ మిగిలిపోవటం... ఇంకా చాలా వుంది జాబితా.

మా ఎదురింటి పిల్ల బతికింది. బతకటమే కాదు, పెరిగింది. పెరుగుతూనే వుంది! ఎనిమిది నెలలకి తొమ్మిది కిలోలు. నిక్షేపంలాంటి ఇండియన్ స్పిట్జ్! ఒక వెనక్కాలు మాత్రం అప్పుడప్పుడు పట్టేస్తుంది. వాళ్ళ నాన్నకి మండుకొచ్చింది. "కప్పు అని చెప్పి బిందె అంటగట్టాడు! వాడి మొహాన కొట్టి రావాల్సిందే" అన్నాడు. అమ్మినవాడి ఫోను అప్పటికే పనిచేయటం మానేసింది. పనిచేసినా లాభం లేదు. ఆ అమ్మాయి కుక్కని పట్టుకుని తన గదిలోకెళ్ళి గడియ పెట్టుకుంది. సాయంత్రందాకా తియ్యలేదు.

ఈ అమ్మాయి గడియ పెట్టుకుంది కాబట్టి ఆ కుక్కకి ఇల్లు మిగిలింది. అన్ని ఇళ్ళలో అలా జరగదు. "చెప్పిన జాతి కాదట" అని తెల్లవారుజామున కారులో తీసుకెళ్ళి రింగురోడ్డు పక్కన దింపేసి వచ్చేవాళ్ళున్నారు. మెడలో ఎర్ర బెల్టుతో, చక్కగా దువ్విన బొచ్చుతో, వచ్చే ప్రతి కారు వెనకా పరిగెత్తే కుక్కని మీరెప్పుడైనా చూశారా? అబద్ధం ఆడింది అమ్మినవాడు. మోసపోయింది కొన్నవాడు. శిక్ష మాత్రం కుక్కకి!

"తల్లి వూరెళ్ళింది సార్!"

ఆ తరవాత కొన్నాళ్ళకి మా మిత్రుడొకాయన షిట్జూ కొనాలన్నాడు. ఆయన సినిమా ఎడిటరు. కత్తెర కన్ను! నన్ను కూడా లాక్కుపోయాడు. నగర శివార్లలో ఓ మేడ. పెంపకందారు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. హాల్లో బుట్టలో నాలుగు పిల్లలు, బొచ్చుబంతుల్లాగా.

"ప్యూర్ బ్రీడ్ సార్! తండ్రి ఛాంపియను. ఇంపోర్టెడ్ లైను" అంటూ ఫోనులో ఫోటో చూపించాడు. మెడలో రిబ్బను కట్టుకున్న దర్జా కుక్క.

మా ఎడిటరు ఫోటోని పెద్దది చేసి చూశాడు. "వెనకాల మంచు కురుస్తోందేమిటండీ? ఇది మన హైదరాబాదేనా?"

"అంటే... తండ్రి ఫారిన్‌లో వుంటాడు సార్."

"మరి తల్లి?"

"తల్లి... వూరెళ్ళింది సార్."

నేను నలభై ఏళ్ళుగా సినిమా డైలాగులు వింటున్నాను. ఇలాంటి డైలాగు వినలేదు! పాలు తాగే పిల్లల్ని వదిలి తల్లికుక్క ఏ వూరు వెళుతుంది? ఏ బస్సెక్కుతుంది?

సరిగ్గా అప్పుడే డాబా మీంచి సన్నగా అరుపు వినబడింది. మా ఎడిటరు "బాత్రూం ఎక్కడండీ" అంటూ తిన్నగా మెట్లెక్కాడు. నేనూ వెనకే వెళ్ళాను. రేకుల షెడ్డుకింద వరసగా ఇనపబోనులు. ఒకదాంట్లో ఓ షిట్జూ. బొచ్చు అట్టకట్టి గడ్డలైంది. గోళ్ళు వంకీలు తిరిగాయి. పొట్ట నేలకి వేలాడుతోంది. మమ్మల్ని చూసి మొరగలేదు. బోను మూలకి జరిగింది.

"ఇది ఎన్నో ఈత?" అని అడిగాను.

"గుర్తులేదు సార్" అన్నాడు.

పిల్లల పుట్టినతేదీ చెప్పాడు, ధర చెప్పాడు, తండ్రి ఛాంపియన్ పేరు చెప్పాడు. తల్లి ఎన్నిసార్లు ఈనిందో మాత్రం గుర్తులేదు! కొనకుండా వచ్చేశాం. ఇద్దరం కలిసి ఫిర్యాదు రాసిచ్చాం. పదిరోజుల తరవాత వెళితే గేటుకి తాళం, 'టు లెట్' బోర్డు. ఆ తల్లికుక్క ఏమైందో ఇవాళ్టికీ తెలియదు.

కాగితాలున్నాయి, సరే!

"పేపర్లున్నాయి సార్" అనేది ఈ వ్యాపారంలో సూపర్‌హిట్ పాట. ఇంతకీ ఏమిటా పేపర్లు?

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్టులో కుక్క పేరు, తల్లిదండ్రులు, వాటి పెద్దల వంశవృక్షం వుంటాయి. కుక్క చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు వుంటుంది. దానికి పదిహేనంకెల నెంబరు. చదివే యంత్రాన్ని మెడ దగ్గర పెడితే ఆ నెంబరు కనిపిస్తుంది. యంత్రంలో కనిపించిందీ, కాగితం మీద వున్నదీ ఒకటే కావాలి. చిప్పులేని కుక్కకి చూపించే కాగితం, కథ లేని సినిమాకి వేసే పోస్టరులాంటిది! రంగురంగుల అచ్చు, బంగారు ముద్ర ఎవరైనా వేయించుకోవచ్చు. "పేపర్లతో అయితే ఇంత, పేపర్లు లేకుండా అయితే ఇంత" అని ఒకే పిల్లకి రెండు ధరలు చెప్పారంటే అక్కడినుంచి లేచి వచ్చేయటం మంచిది.

'ఇంపోర్టెడ్' అన్న మాట కూడా కాస్త ఆగి వినండి. వ్యాపారం కోసం పిల్లల్ని పెట్టించటానికి విదేశాలనుంచి కుక్కల్ని తెప్పించుకోవటాన్ని కేంద్రప్రభుత్వం 2016 ఏప్రిల్లో కట్టడి చేసింది. మరి ఇంటింటా ఇన్ని ఇంపోర్టెడ్ తండ్రులెక్కడివి?

చట్టం లేకపోలేదు. 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలమీద కేంద్రం నిబంధనలు తెచ్చింది. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కని, ఎనిమిదేళ్ళు దాటినదాన్ని జతకట్టించకూడదు. జీవితం మొత్తంలో అయిదు ఈతలకి మించకూడదు. ఇవన్నీ పుస్తకంలో రాసిపెట్టాలి. ఇప్పుడు ఆ "గుర్తులేదు సార్" అన్న మాటని మళ్ళీ ఒకసారి తలుచుకోండి!

అసలు జాతైతే అంతా మంచేనా?

ఇక్కడో మెలిక వుంది. "సరే, నికార్సయిన కాగితాలతోనే కొంటాం. అప్పుడేం బాధ లేదుగా?" అంటారా? తొందరపడకండి.

2008 ఆగస్టులో బీబీసీ టెలివిజన్ 'పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్' అనే డాక్యుమెంటరీ వేసింది. బ్రిటన్ అదిరిపడింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకుల లెక్క ఒకటి అందులో బయటికొచ్చింది. ఆ దేశంలో వున్న సుమారు పదివేల పగ్‌లూ వంశపరంగా చూస్తే యాభై కుక్కల పెట్టుతో సమానమట! అన్నీ ఆ కాగితాలున్న కుక్కలే. ఛాంపియన్ పిల్లలు కావాలని తండ్రికి కూతుర్ని, తల్లికి కొడుకుని జతకట్టించిన ఫలితం. మనవాళ్ళు మేనరికాలకే ఆలోచిస్తున్న రోజుల్లో ఇదేం సంబంధం? ఆ దుమారంతో 2009లో బీబీసీ ప్రఖ్యాత 'క్రఫ్ట్స్' కుక్కల ప్రదర్శనని ప్రసారం చేయటం మానేసింది. అక్కడి కెన్నెల్ క్లబ్బు అలాంటి జతలకి పుట్టిన పిల్లల్ని రిజిస్టరు చేయటం ఆపేసింది.

అంటే తేలిందేమిటి? కాగితం వంశం చెబుతుంది గానీ ఒంటి సంగతి చెప్పదు. దొంగకాగితం వంశం కూడా చెప్పదు, అంతే తేడా!

సినిమాలవల్ల పిచ్చి పెరిగిందని మొదట్లో దెప్పాను గనుక, మంచి కూడా చెప్పాలి. 2022లో కిరణ్‌రాజ్ దర్శకత్వంలో రక్షిత్ శెట్టి నటించిన '777 చార్లీ' వచ్చింది. కన్నడం నుంచి తెలుగులోకి కూడా తెచ్చారు. అందులో చార్లీ లాబ్రడార్ కుక్క, బుల్లిజాతి కాదు. కానీ కథ ఇదే. నిర్దయుడైన పెంపకందారు బోనునుంచి పారిపోయి వస్తుంది. దగ్గర రక్తసంబంధంలో జతకట్టించి పుట్టించిన పాపం చివరికి జబ్బై ఆ కుక్క ప్రాణానికొస్తుంది. హాల్లో ఏడవనివాళ్ళు లేరు. ఏడ్చినవాళ్ళు బయటికొచ్చి ఏం చేశారన్నదే ప్రశ్న.

బర్రె సామెత

పాడిని చూసి బర్రెని, తల్లిని చూసి పిల్లని తెచ్చుకోవాలని మన పెద్దవాళ్ళ సామెత. పెళ్ళిసంబంధాలకి చెప్పిన మాటే అయినా కుక్కపిల్లకి ఇంతకంటే మంచి సలహా ఏ డాక్టరూ ఇవ్వలేడు.

తల్లిని, అది పిల్లలతో వుండే చోటులోనే చూపించమనండి. ఎన్నో ఈతో అడగండి. పిల్ల నోరు తెరిచి పళ్ళు చూడండి. చిప్పు నెంబరు సరిచూడండి. డబ్బు కట్టకముందే మీ డాక్టరుకి చూపించండి. రోడ్డుపక్కన బుట్టలో తెచ్చిస్తానంటే వద్దనండి. ఇవన్నీ సంతోషంగా చూపించే నిజాయితీపరులైన పెంపకందారులూ వున్నారు. వాళ్ళ దగ్గర పిల్లకోసం నెలలు ఆగాలి. ఆగండి!

ఇంత తతంగం మావల్ల కాదంటారా? మీ వీధి చివర మట్టిరంగు వూరకుక్క నాలుగు పిల్లల్ని పెట్టి వుంటుంది, చూడండి. ఏ క్లబ్బు సర్టిఫికెట్టూ లేదు. ముక్కు పొడుగు, కాళ్ళు గట్టి, ఎండకి భయం లేదు. వేళకి టీకాలు, రెండు పూటలా పెరుగన్నంలో ఓ గుడ్డు చాలు, పన్నెండేళ్ళు మీ గుమ్మం కాస్తుంది. దాని జాతేమిటని ఎవరైనా అడిగితే తడుముకోనక్కర్లేదు, "మా జాతే" అనండి!

మా ఎడిటరు అలాంటిదాన్నే తెచ్చుకున్నాడు. తండ్రి ఎవరో తెలియదు. తల్లి మాత్రం రోజూ సాయంత్రం వాళ్ళ గేటు దగ్గరికొచ్చి పిల్లని చూసుకుని, నాలుగు మెతుకులు తిని వెళుతుంది. ఈ తల్లి ఏ వూరూ వెళ్ళలేదు!